ఎరుపు కనపడని కాగితం

సానరాయి మీద కాసిని నీళ్లు చిలకరించి హారిక పసుపు కొమ్మును గుండ్రంగా తిప్పుతూ అరగదీస్తోంది. ముందు పలచగా వచ్చినదాన్ని వేలితో పక్కకు తోసేసి, మళ్లీ చుక్క నీళ్లు వేసి, ఈసారి గట్టిగా నొక్కి తిప్పింది. చిక్కటి ముద్దగా వస్తేగాని అత్తగారు ఒప్పుకోదు. కొట్లో దొరికే పసుపు పొడి కూరల్లోకే గాని ముఖానికి పనికిరాదని సుబ్బరావమ్మ నమ్మకం. హారిక కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె ఈ రాయిని తెచ్చి చేతికిచ్చి, "ఇక నుంచి నువ్వు తీసిన పసుపే రాసుకుంటానమ్మాయ్" అంది. ఈ ఇంట్లో హారికకు అప్పగించిన మొదటి పని అదే. తర్వాత వంటా, పాలూ, కల్లం దగ్గర కూలీలకు టీలూ అన్నీ వచ్చి చేరాయి. అయినా ఏ పనిలోనూ ఇంత నమ్మకం కనిపించలేదు ఆమెకు.

పెరట్లో స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది.

ఇప్పుడే చెప్పాలి. పడుకునేముందే మాట కూర్చుకుంది. "అత్తయ్యా, ఇవాళ్టికి పసుపు వద్దంట. పౌడర్ రాసుకోమంది ఫోటో ఆవిడ." అంతే. పెద్ద మాటేం కాదు.

సుబ్బరావమ్మ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. గిన్నెలోకి తొంగి చూసింది.

"ఇవాళ ఇంకాస్త తియ్యమ్మాయ్. శుక్రవారం. పైగా అంత పెద్ద ఫోటో అంటున్నారు, ముఖం కళగా ఉండొద్దూ?"

హారిక నోరు తెరిచింది.

"తీస్తానత్తయ్యా" అంది.

*

ఫోటో ఆవిడ పేరు జ్యోతిర్మయి. హైదరాబాదు నుంచి వచ్చింది. అద్దంకి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి తిరిగి, చివరికి వీళ్ల పొగాకు బ్యారన్ ముందు కారాపింది. పచ్చి పొగాకును లోపల వేలాడదీసి వేడికి ఎండబెట్టే గది అది. రెండు మేడల ఎత్తు ఉంటుంది, కిటికీలుండవు. హారిక మామగారు వెంకయ్య పొగాకు మానేసి మిరపా పత్తీ వేయడం మొదలుపెట్టాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పాత గోతాలూ, విరిగిన మంచాలూ వేసి పెట్టారు.

"ఈ గది నాకు కొన్నాళ్లు ఇవ్వండి. దీన్నే కెమెరా చేస్తాను" అంది జ్యోతిర్మయి.

పక్కింటి బుల్లయ్య అరుగు మీదే ఉన్నాడు. ఊళ్లో ఏ మాటా ఆయన చెవిన పడకుండా పోదు, ఆయన నోట పడకుండానూ పోదు. "ఇంత గదిని ఎత్తి కంటి దగ్గర పెట్టుకుంటావా తల్లీ?" అన్నాడు.

"ఎత్తక్కర్లేదు బాబాయ్. మనమే దాని లోపలికి వెళ్తాం."

చెప్పినట్టే చేసింది. హారిక భర్త గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు, ఆదివారాలే వస్తాడు. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే హారిక ఆమెకు సాయం వెళ్లింది. గోడల పగుళ్లను బంకమట్టితో పూడ్చారు. పైన గాలి తొర్రల్లో గోతాలు కుక్కారు. రాకపోకలకు పక్క తలుపు ఉంచుకుని, కల్లం వైపు తలుపు తీసేసి ఆ చోట చెక్క బిగించి, చెక్కకు కన్నం చేసి, అన్నం పళ్లెమంత లెన్సు పెట్టారు. లోపల ఒక తెల్లటి దుప్పటి కట్టి జ్యోతిర్మయి లెన్సు మూత తీసింది.

దుప్పటి మీద కల్లం కనిపించింది. తలకిందులుగా. ఆరబోసిన మిరపకాయలు పైన ఎర్రటి మేఘంలా ఉన్నాయి. ఆకాశం కింద ఉంది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు తలలు కిందికి వేలాడేసి, అయినా హాయిగా మాట్లాడుకుంటూ ఉన్నారు. హారిక చాలాసేపు కళ్లు తిప్పుకోలేదు. తనూ రోజూ చూసే కల్లమే. ఇలా ఎవరికీ తెలియకుండా, చీకట్లో నిలబడి చూడటం కొత్త.

కల్లంలో పని చేసే ఖుర్షిదా కూడా ఓసారి వచ్చి చూసి కొంగు సర్దుకుంది. "మేం బయట తిరుగుతుంటే మీరు లోపల మమ్మల్ని ఇట్టా తలకిందులుగా చూస్తన్నారా? చీరలు జారితే ఎవరిది బాధ్యత?"

దుప్పటి చోట తలుపంత కాగితం కడితే, దాని మీదే ఫోటో పడుతుందని జ్యోతిర్మయి చెప్పింది. కాగితం విప్పేటప్పుడు లోపల ఎర్ర బల్బు ఒక్కటే వెలిగేది.

"వెలుగు తగిలితే కాగితం పాడైపోద్దన్నారు గదక్కా, మరి ఈ బల్బు?"

"ఈ కాగితానికి ఎరుపు కనపడదు హారికా. మనకి ఎర్రగా వెలుగుతున్నా దానికి చీకటే. పసుపూ ఆకుపచ్చా కూడా అంతంతమాత్రం. ఫోటోలో ఆ రంగులన్నీ నల్లగా వస్తాయి. చూడు."

ముందు రోజు తీసిన కల్లం ఫోటో చూపించింది. కుప్పపోసిన మిరపకాయలు బొగ్గుల గుట్టలా ఉన్నాయి. హారిక నవ్వింది. అప్పుడు అది నవ్వొచ్చే సంగతే.

*

ఫోటో దిగుతానని అడిగింది సుబ్బరావమ్మే. జ్యోతిర్మయి అడగకముందే.

వర్షాకాలంలో వెంకయ్యకు గుండెనొప్పి వచ్చింది. గుంటూరు తీసుకెళ్లి స్టెంటు వేయించారు. మనిషి తిరుగుతున్నాడు గానీ మునుపటి నడక లేదు. అప్పటి నుంచి సుబ్బరావమ్మ మనసులో ఒకటే మెదులుతూ ఉంది.

"మనూళ్లో గోడ మీదున్న పెద్ద ఫోటో ఏదన్నా చూడండి. దానికో దండుంటుంది" అంది భోజనాల దగ్గర. "మనుషులున్నన్నాళ్లూ జానెడు ఫోటో. పోయాక పెద్దది. నాకట్టా వద్దు. ఆయన పక్కన కూర్చుని, నుదుటి మీద బొట్టుతో, నేను నిలువెత్తు ఫోటో దిగాలి. గోడకి పెట్టుకుని మేమిద్దరమే చూసుకోవాలి."

"దిష్టి తగుల్తుందే" అన్నాడు వెంకయ్య.

"తగలనీ. దిష్టి తీయడానికి మిరపకాయలకేమన్నా కొదవా? కల్లం నిండా ఉన్నాయి."

ఆయన నవ్వేశాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అలా నవ్వడం హారిక చూడలేదు.

గురువారం సాయంత్రం జ్యోతిర్మయి హారికను పక్కకు పిలిచింది. "మీ అత్తగారికి ఒక మాట చెప్పు. రేపు ముఖానికి పసుపు వద్దు. పౌడర్ రాసుకుని బొట్టు పెట్టుకోమను. పసుపు మీద కుంకుమ పెడితే ఈ కాగితానికి రెండూ ఒకటే నలుపు. బొట్టు తెలియదు. నేను చెప్తే ఎట్టా తీసుకుంటారో. నువ్వు ఇంటి మనిషివి."

"చెప్తానక్కా" అంది హారిక.

ఆ క్షణంలో చెప్పగలననే అనుకుంది. ఇంటికి నడుస్తుంటే గుంటూరు ఆసుపత్రి గుర్తొచ్చింది. మామగారు లోపల ఉన్నప్పుడు, పొద్దున్నే ఆసుపత్రి వరండాలో కూర్చుని, సంచిలో తెచ్చుకున్న సానరాయి మీద ఈ చేతులతోనే పసుపు తీసింది. అటూ ఇటూ పోయేవాళ్లు వింతగా చూశారు. సుబ్బరావమ్మ అది రాసుకుని, బొట్టు పెట్టుకుని, అప్పుడు గాని ఆయన మంచం దగ్గరికి పోలేదు. అలాంటి మనిషికి పసుపు మానెయ్యమని చెప్పాలి. ఆయన బతికి బట్టకట్టాడని తీయించుకునే ఫోటో కోసం చెప్పాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టినా అశుభంగానే వినిపించింది హారికకు.

*

మిరపకాయల కుప్ప ముందు రెండు కుర్చీలు వేశారు. వెంకయ్య తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్నాడు. సుబ్బరావమ్మ పెట్టె అడుగు నుంచి ఎర్ర పట్టుచీర తీసి కట్టింది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. పసుపు తాడు పైకి కనిపించేలా వేసుకుంది. ముఖం పచ్చగా మెరుస్తోంది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. కల్లంలో పనివాళ్లు పని ఆపి చుట్టూ చేరారు.

"కాసేపు అస్సలు కదలకూడదు బాబాయ్, కళ్లు కూడా వీలైనంతవరకు ఆర్పొద్దు" అని చెప్పి జ్యోతిర్మయి బ్యారన్‌లోకి వచ్చింది.

"కదలకుండా ఉండటం వాడికి కొత్తా?" బయట బుల్లయ్య గొంతు. "ఒరేయ్ వెంకయ్యా, పొలంలో ఉన్నట్టే ఉండరా, చాలు."

"నువ్వు నోరు కదపకుండా ఉండు ముందు. నీ మాటలకే ఫోటో చెదిరిపోద్ది" అన్నాడు వెంకయ్య.

లోపల దుప్పటి మీద ఇద్దరూ తలకిందులుగా కూర్చుని ఉన్నారు. రంగులన్నీ ఉన్నాయి. అత్తగారి ముఖం అన్నిటికంటే పచ్చగా ఉంది.

జ్యోతిర్మయి చూసి ఆగింది. "పసుపు రాసుకున్నారే. చెప్పావా?"

బయటికి రెండంగలు వేస్తే చాలు. అత్తయ్యా, ఒక్కసారి లేవండి, అంటే చాలు. కానీ అందరూ చూస్తున్నారు. మామగారు ఎండలో కూర్చుని ఉన్నారు. అంతమంది ముందు అత్తగారి ముఖం కడిగించడమంటే…

"చెప్పాను" అంది హారిక.

"మరి?"

"వినలేదక్కా."

"సరేలే, ఆవిడ ఇష్టం" అని జ్యోతిర్మయి లెన్సు మూసింది. ఎర్ర బల్బు వెలుగులో దుప్పటి తీసి కాగితం కట్టింది. బల్బు ఆర్పి లెన్సు తెరిచింది. కాగితం మీద వెలుగు పడింది. చీకట్లో హారిక తన చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. వేళ్ల సందుల్లో పొద్దున్న తీసిన పసుపు ఇంకా ఉంది. తను చెప్పిన అబద్ధమేమిటో అప్పుడు తెలిసొచ్చింది. చెప్పానని అనడం ఒకటి. వినలేదని అత్తగారి మీదికి నెట్టడం ఇంకొకటి.

మొదటి కాగితం మీద నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా వస్తుంది. మందు నీళ్ల తొట్లో దాన్ని ముంచి అటూ ఇటూ ఆడిస్తుంటే మిరపకాయల కుప్ప పత్తికుప్పలా తెల్లగా తేలింది. సుబ్బరావమ్మ ముఖం కూడా తెల్లగా తేలింది, మచ్చ లేకుండా.

"బొట్టు పోయింది" అంది జ్యోతిర్మయి. "ఆవిడకి తెలుసుగా ఇట్టా వస్తుందని?"

హారిక తలూపింది.

*

ఆ కాగితాన్ని ఇంకో కాగితం మీద బోర్లించి వెలుగు తగిలిస్తే అసలు ఫోటో వస్తుంది. శనివారం సాయంత్రానికి అది ఆరింది. బ్యారన్ బయటి గోడకు కట్టారు. వెంకయ్య పొద్దున్నే ఊళ్లో అందరికీ చెప్పి వచ్చాడు. కల్లం నుంచి ఆడవాళ్లు కొంగులతో ముఖాలు తుడుచుకుంటూ వచ్చారు. సుబ్బరావమ్మ అందరికంటే వెనక, సిగ్గుపడుతున్నట్టు నిలబడింది. ఆమెను చేతులు పట్టి ముందుకు తెచ్చారు.

గోడ మీద వెంకయ్య వెలిగిపోతున్నాడు. తెల్ల పంచె, తెల్ల మీసం, చేతి మీద నరాలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆయన పక్కన నల్లటి చీరలో ఒక నల్లటి మనిషి కూర్చుని ఉంది. ముఖంలో కళ్ల తెలుపూ, నెరిసిన జుట్టూ మాత్రమే తెలుస్తున్నాయి. నుదురు బోసిగా ఉంది. మెడలో తాడు లేదు. చేతులకు గాజులు లేవు. ముత్తైదువ ఒంటి మీద ఏవేం ఉంటాయో అవన్నీ ఆ కాగితానికి కనపడని రంగులే అని హారికకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఒక్క బొట్టు సంగతి కాదు. మనిషి నిలువునా అలా వచ్చింది. అదీ మనిషంత ఎత్తున.

అందరూ ఫోటోనూ సుబ్బరావమ్మనూ మార్చి మార్చి చూశారు.

"అత్తా, నీ బొట్టేదీ?" అంది ఖుర్షిదా. కొంటెగా అన్నది కాదు. వెతికి, దొరక్క అడిగింది. అడిగాక నాలిక కరుచుకుంది.

బుల్లయ్య వెంకయ్య భుజం మీద చెయ్యేశాడు. "ఏరా, పక్కనే నువ్వు రాయిలా కూర్చునుంటే…" అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు. ఆయన ఒక మాట సగంలో ఆపడం ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

సుబ్బరావమ్మ చెయ్యి నుదుటి మీదికి పోయింది. వేలికి కుంకుమ అంటింది. వేలును చూసుకుంది. ఫోటోను చూసింది.

జ్యోతిర్మయి గబగబా ముందుకొచ్చి కాగితం గురించీ, ఎరుపు గురించీ, పసుపు గురించీ చెప్పసాగింది. ఎవరి చెవికీ ఎక్కలేదు. "అందుకే గదమ్మా పసుపు వద్దన్నాను" అంది చివరికి. "పౌడర్ రాసుకుంటే కనీసం బొట్టన్నా నిలబడేది. హారిక మీకు చెప్పింది కదా. మీరే కావాలని రాసుకున్నారనుకున్నా."

అందరి ముఖాలూ హారిక వైపు తిరిగాయి. సుబ్బరావమ్మ ముఖం అన్నిటికంటే ఆలస్యంగా తిరిగింది. ఆమె కళ్లలో కోపం లేదు. ఏదో పోల్చుకోవడానికి చూస్తున్నట్టు చూసింది.

హారిక కాళ్ల కింద నేలను చూసింది. మిరపగింజలు చెదిరి ఉన్నాయి.

"ఆఁ, చెప్పింది" అంది సుబ్బరావమ్మ. "చెప్పిందమ్మా. నేనే వినిపించుకోలా. మొండిదాన్ని."

ఆ మాటతో జనం కదిలారు. "పోన్లే, మిషన్ తీసిందానికేముంది" అన్నారు ఒకరిద్దరు. ఇంకొకామె వెంకయ్యను, "మందులు టైముకి వేసుకుంటున్నావా అన్నా?" అని అడిగింది. అలా అడిగినవాళ్లు ఆ సాయంత్రం చాలామంది వచ్చారు. మామూలుగా అటు రానివాళ్లు కూడా అరుగు దగ్గర ఆగి, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఒంట్లో ఎట్టా ఉందని పలకరించి పోయారు.

"నేను బాగానే వచ్చానుగా అందులో" అన్నాడు వెంకయ్య అన్నం ముందు కూర్చుని. అన్నం కలుపుతూ ఆయనే మళ్లీ, "దాన్నేం చేద్దాం?" అన్నాడు.

సుబ్బరావమ్మ ఆయన కంచంలో పెరుగు వేసింది. హారికకు కూడా వేసింది, రోజూ వేసినంతే. ఒక్క మాటన్నా అనుంటే, ఎందుకిట్టా చేశావని జుట్టు పట్టుకుని అడిగినా, హారికకు ఆ ముద్ద గొంతు దిగేది. కల్లంలో అంతమంది ముందు తన కోసం చెప్పిన ఆ అబద్ధమే కంచంలో ఉన్నట్టుంది.

అంతకుముందు బ్యారన్ నుంచి వచ్చేటప్పుడే జ్యోతిర్మయి హారిక దగ్గర ఆగి, మెల్లగా అంది. "చెప్పలేదు కదూ." సమాధానం కోసం చూడలేదు. "ఇంకొక్క కాగితం ఉంది. రేపు పొద్దున తీస్తాను, ఆవిడ వస్తానంటే. ఈసారైనా నువ్వే చెప్పు."

*

హారిక అందరికంటే ముందే లేచి సానరాయి ముందు కూర్చుంది. ఎందుకు తీస్తోందో తెలియకుండానే పసుపు తీసింది. ఎప్పుడూ రానంత చిక్కగా వచ్చింది. గిన్నెలోకి ఎత్తి, పీట పక్కన పెట్టింది. దాని పక్కనే తన పౌడర్ డబ్బా కూడా పెట్టింది.

సుబ్బరావమ్మ స్నానం చేసి వచ్చింది.

"అత్తయ్యా, నేను చెప్పలేదు." హారిక పౌడర్ డబ్బాను కాస్త ముందుకు జరిపింది. "ఆవిడ గురువారమే చెప్పమంది. నాకు నోరు రాలేదు. మళ్లీ చెప్పానని అన్నాను. మీరే వినలేదని కూడా అన్నాను." సుబ్బరావమ్మ జుట్టు తుడుచుకుంటూ ఉంది. "ఇంకో కాగితం ఉందంట. ఇవాళ మళ్లీ తీస్తుందంట. పసుపు లేకుండా, పౌడర్ రాసుకుంటే బొట్టు కనపడుద్దంట."

చెప్పేసింది. ముందే చెప్పి ఉంటే ఎంత చిన్న మాట అది.

సుబ్బరావమ్మ పీట మీద కూర్చుంది. గిన్నెను చూసింది. పౌడర్ డబ్బాను చూసింది. సానరాయిని తన వైపు లాక్కుని, చెంబుతో నీళ్లు పోసి, రాయి మీద మిగిలి ఉన్న పసుపును అరచేత్తో కడిగింది. పచ్చటి నీళ్లు గచ్చు మీదుగా తూము వైపు పోయాయి. కొమ్ము తీసుకుని తనే అరగదీయడం మొదలుపెట్టింది. చాలా ఏళ్లుగా చేయని పని. మొదట కొమ్ము చేతిలో జారింది. తర్వాత కుదిరింది. తొందర లేకుండా తిప్పింది.

తను తీసుకున్న పసుపు ముఖానికీ మెడకీ కాళ్లకీ రాసుకుంది. తాడుకు అద్దుకుంది. అద్దం చూడకుండానే కుంకుమ పెట్టుకుంది. సరిగ్గా మధ్యలో పడింది. గిన్నె పెట్టినచోటే ఉంది.

వంటింట్లోంచి కల్లానికి తీసుకెళ్లే గంప తెచ్చుకుని, నడవలో పడక మీద నిద్రపోతున్న వెంకయ్య దుప్పటి సర్దింది. హారిక గుమ్మం దగ్గర నిలబడి ఉంది. దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది.

సుబ్బరావమ్మ చెప్పులేసుకుంది. కల్లం మొదట్లో ఎడమకు తిరిగితే బ్యారన్, కుడికి తిరిగితే మిరపకాయల కుప్పలు. గడప దాటి, గంప చంకనెత్తుకుని, కుడికి తిరిగి వెళ్లిపోయింది.